ఫ్యామిలీ రూముల దస్తగిర్

దస్తగిర్ స్టూలెక్కి మూడో గది పరదాను తీగకు పిన్నీసులతో తగిలిస్తున్నాడు. నిన్న ఉతికి ఆరేసిన పరదా ఇంకా చెమ్మగానే ఉంది. ఒక్కో మడతా సరిచేసుకుంటూ చివరిదాకా వచ్చి, కిందికి దిగి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. తెల్లటి గుడ్డ అంచున ఎర్రటి చుక్కలు కనిపించాయి. ఎవరో పాన్ ఉమ్మిన మరకలనుకున్నాడు. ముట్టుకుంటే తడిగా ఉన్నాయి. అప్పుడు తన చేయి చూసుకున్నాడు. కుడిచేతి చిటికెన వేలి కొసన పిన్నీసు దిగిన చోటు నుంచి నెత్తురు సన్నగా కారుతోంది. వేలును భుజం మీది తువ్వాలుకు ఒత్తి, పరదా అంచును నీళ్ళతో రుద్ది, పొద్దుటి నిహారీ పులుసు గిన్నెలు తేవడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ హోటల్ నిజామాబాద్ స్టేషన్ రోడ్డు మీద, బస్సులు మలుపు తిరిగే చోట ఉంది. ముందు హాల్లో పాలరాతి పలకల బల్లలు, గోడలకు మచ్చలు పడిన అద్దాలు, గల్లాపెట్టె వెనక ముష్తాక్ సేఠ్, ఆయన నెత్తి మీద చెక్కబల్లపై రేడియో. వెనకవైపు, చేతులు కడుక్కునే తొట్టి పక్కన, చెక్క పలకలతో కట్టిన చిన్న గదులున్నాయి. ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చినవాళ్ళు అక్కడ కూర్చుంటారు. ఊళ్ళో అందరూ వాటిని ఫ్యామిలీ రూములంటారు. ఆ గదులకు వడ్డించే పని ఎప్పటి నుంచో దస్తగిర్‌దే.

అతనిది కోటగిరి. దూదేకులవాళ్ళ ఇల్లు. తండ్రి విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. ఆ దుమ్ముకే దగ్గు పట్టి పోయాడు. దస్తగిర్ నిజామాబాద్ చేరాడు. ఇప్పటి సేఠ్ తండ్రి, పెద్ద సేఠ్, అతన్ని మొదట ప్లేట్లు కడగడానికి పెట్టుకున్నాడు. మీసం మొలుస్తున్న రోజుల్లో ఒకసారి వడ్డించే మనిషి రాకపోతే గదుల్లోకి పంపాడు. దస్తగిర్ పరదా బయట నిలబడి దగ్గాడు. లోపలివాళ్ళు ముసుగులు సర్దుకునేదాకా ఆగాడు. చూపు బల్ల అంచు దాటనివ్వకుండా వడ్డించి, అలాగే వెనక్కి నడిచి బయటికొచ్చాడు. "వీడు నజర్ ఎత్తడు. గదులు వీనియే" అన్నాడు పెద్ద సేఠ్. దస్తగిర్ బతుకులో అతనేం చేయాలో ఎవరైనా తేల్చి చెప్పింది ఆ ఒక్కసారే. తర్వాత ఎవరూ చెప్పనక్కర లేకపోయింది.

ముఖాలు తెలియవు గానీ అతనికి చేతులు తెలుసు. మోర్తాడ్ నుంచి పసుపు అమ్ముకోవడానికి వచ్చే రైతుల ఇంటి ఆడవాళ్ళ గోళ్ళు ఎంత కడిగినా పచ్చగానే ఉంటాయి. ఒక వకీలు భార్య చేయి మంచి ముక్కలన్నీ పక్క ప్లేట్లలోకి తోసి ఎముకలు తన దగ్గరికి లాక్కుంటుంది. కొత్తగా పెళ్ళయిన పిల్ల చేయి మొదటి ముద్ద దగ్గర ఆగిపోతుంది, ఎవరో ఒకరు తినమంటేగానీ కదలదు. బల్ల అంచు పట్టుకుని వేలాడిన పసివేళ్ళే కొన్నేళ్ళకు గడియారం పెట్టుకుని బిల్లు తెమ్మని సైగ చేయడం కూడా చూశాడు. ఆ మనుషులే బజార్లో ఎదురైతే అతను గుర్తుపట్టలేడు. వాళ్ళూ అతన్ని గుర్తుపట్టరు. అందులో అతనికి బాధేమీ లేదు.

సొంత చేతుల గురించి మాత్రం చాలాకాలం ఆలోచించలేదు. బొగ్గుల మీంచి దించిన గిన్నెను ఉత్తచేత్తో పట్టుకొస్తుంటే, ముందు హాల్లో వడ్డించే మన్సూర్ "నీయి చేతులా పట్కార్లా అన్నా!" అని నవ్వేవాడు. దస్తగిర్ కూడా నవ్వేవాడు. నిరుటి వానాకాలంలో ఒకనాడు నీళ్ళు పోసుకుంటుంటే మోచేతి కింద పాలిపోయిన మచ్చ కనబడింది. గిల్లి చూశాడు. ఇంకా గట్టిగా గిల్లాడు. ఆ తోలు ఎవరిదో అయినట్టు ఊరుకుంది. చిటికెన వేలూ, దాని పక్క వేలూ అంతే. అతను ఒళ్ళు తుడుచుకుని, చొక్కా చేతులు మణికట్టు దాకా దించి గుండీలు పెట్టుకున్నాడు. ఆనాటి నుంచి ఎంత ఎండలోనూ వాటిని మడవలేదు.

కోటగిరిలో అతని చిన్నప్పుడు వాగు అవతల ఒక గుడిసె ఉండేది. సాయిలు అనే మనిషి అందులో ఒక్కడే ఉండేవాడు. పెద్దరోగం, అంటే కుష్ఠు. ఇంటివాళ్ళు ఇవతలి ఒడ్డున జొన్న గటక ముంత పెట్టి, కేకేసి, వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళు కనుమరుగయ్యాక అతను దిగివచ్చి తీసుకునేవాడు. ఒకనాడు సాయిలు భార్య ముంత పెట్టి, కేక వేయకుండానే వెళ్ళిపోవడం దస్తగిర్ చూశాడు. కుక్కలు వచ్చి తిన్నాయి. ఆమె మరచిపోయిందో, విసిగిపోయిందో అప్పుడు అతనికి అర్థం కాలేదు. ఇప్పుడూ కాలేదు.

దస్తగిర్ ఇంట్లో పెద్ద పళ్ళెం నడుమ పెట్టుకుని ముగ్గురూ కలిసి తినేవాళ్ళు. అతనూ, భార్య మహబూబీ, లేకలేక పుట్టిన కూతురు మాసూమా. మచ్చ కనబడిన మర్నాటి నుంచి అతను "హోటల్ల తిన్న" అనడం మొదలుపెట్టాడు. హోటల్ వెనక గోడ దగ్గర నిలబడి, మిగిలిన అన్నం ఒక రేకు మూతలో వేసుకుని తినేవాడు. మహబూబీ మొదట్లో బతిమాలింది. ఆ తర్వాత "హోటల్ కూరలు మరిగినంక నా పప్పుచారు ఏడ దిగుతది!" అంది. ఆ తర్వాత ఏమీ అనలేదు. పళ్ళెం దగ్గర బాపు జాగా వదిలి కూర్చోవడం మాసూమా కూడా మానేసింది.

ఇంటివాళ్ళకు దూరం పెట్టిన చేత్తోనే ఊరందరికీ వడ్డిస్తున్నానన్న సంగతి అతనికి తట్టకపోలేదు. తట్టినప్పుడల్లా పని ఇంకొంచెం తొందరగా చేసేవాడు. పోనుపోను వేళ్ళలాగే ఆ తలపూ మొద్దుబారింది.

చెరుకు సీజన్ ముగిసి బోధన్ ఫ్యాక్టరీ చల్లారాక అక్కడి పనివాళ్ళు పిల్లాజెల్లాతో నిజామాబాద్ వచ్చి, బట్టలు కొనుక్కుని, ఒక పూట హోటల్లో తిని పోతుంటారు. ఆ మధ్యాహ్నం మూడో గదిలోకి అలాంటి కుటుంబమే వచ్చింది. చక్కెర మడ్డి వాసన ఇంకా బట్టలను వదలని ఒక మనిషి, అతని భార్య, ఇద్దరు ఆడపిల్లలు, ముసలి తల్లి.

"గీ పరదా ఎందుకురా జయరాజూ? మనమేమన్న దొంగతనంగ తింటున్నమా?" ముసలమ్మ గొంతు హాల్లోకి వినిపించింది.

"ఆడోళ్ళున్నరని ఏస్తరే అవ్వా."

"గీ వయసుల నాకేం సిగ్గురా. జెర గాలి రానియ్యి."

దస్తగిర్ పరదా బయట నిలబడి దగ్గాడు. లోపల ఎవరూ సర్దుకున్న చప్పుడు కాలేదు. "గాడ నిలవడి దగ్గుడెందుకయ్యా, లోపటికి రారాదు" అంది ముసలమ్మ. పిల్లలు కిసుక్కున నవ్వారు.

అతను తలొంచుకుని లోపలికి వెళ్ళి, మనిషికొక ప్లేటు పెట్టసాగాడు. ముడతలు పడిన నల్లటి చేయి ఒకటి వాటిని మళ్ళీ అతని వైపే తోసింది. "గిన్ని పళ్ళేలేం జేస్కుంటం? పెద్దది ఒకటి నడుమ పెట్టు. అందరం తింటం."

జయరాజ్ మొహమాటంగా నవ్వాడు. "మా అవ్వ అట్లనే అంటది. పెద్ద తట్టల బిర్యాని పెట్టియ్యన్నా. కుర్మ, రొట్టెలు."

ఆ గదుల్లో ఎవరూ అలా అడిగినట్టు దస్తగిర్‌కు గుర్తులేదు. పెళ్ళి విందులకు వాడే పెద్ద తట్ట అటక మీంచి దించి, కడిగి, బిర్యానీ పోసి బల్ల నడుమ పెట్టాడు. అన్ని చేతులూ ఒకేసారి అందులోకి దిగాయి. అందరి చేతుల్లో జయరాజ్ భార్య చేయి వేరుగా కనబడింది. గోళ్ళు బాగా కత్తిరించి ఉన్నాయి. వేళ్ళ కొసలు రోజూ మందునీళ్ళలో నానినట్టు తెల్లగా, ముడుచుకుపోయి ఉన్నాయి.

"దేవవ్వా, ఎల్లుండి దాక ఉండరాదు? పిల్లలు రంది పెట్టుకుంటున్నరు" అంటున్నాడు జయరాజ్ భార్యతో.

"పొద్దుగాల్నే డ్యూటీకి ఎక్కాలె. పుండ్లకు కట్లు కట్టేటోళ్ళం ఇద్దరమే ఉన్నం. సాయంత్రం బస్సుకే డిచ్‌పల్లికి పోత."

డిచ్‌పల్లి దవాఖాన పెద్దరోగానిదని ఆ జిల్లాలో అందరికీ తెలుసు. దస్తగిర్ చేతిలోని గ్లాసులను ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టి, కుర్మ తేవడానికి వెళ్ళాడు.

వంటవాడు రాగిగిన్నెను బొగ్గుల మీంచి అప్పుడే దించాడు. పక్కలు ఇంకా చిటచిటలాడుతున్నాయి. దస్తగిర్ ఎప్పటిలాగే తువ్వాలు ఒక చేతికి చుట్టుకుని, రెండోది ఉత్తచేయే ఊతంగా పెట్టి మోసుకొచ్చాడు. బల్ల మీద జాగా లేక, పిల్లలు గ్లాసులు జరిపేదాకా పట్టుకునే నిలబడ్డాడు.

దేవవ్వ చేయి తట్టలో ఆగిపోయింది.

"అన్నా, గిన్నె కింద వెట్టు" అంది మెల్లగా. "చేయి తియ్యి."

అతను పెట్టాడు. కుడిచేతి చిటికెన వేలు రాగికి ఒత్తుకుని ఉంది. తీస్తే తోలు గిన్నెకే ఉండిపోయింది. ముసలమ్మ ముద్ద ఊదుకుంటోంది. జయరాజ్ చిన్నపిల్లకు ఎముక తీసి పెడుతున్నాడు. ఇంకెవరూ చూడలేదు. దస్తగిర్ వేలును తువ్వాలులోకి దాచుకుని వెనక్కి నడిచాడు.

"చేయి కడుక్కొని వస్త" అని ఆమె లేచింది.

తొట్టి దగ్గర అతని వేలి మీద చెంబుతో నీళ్ళు పోస్తూ అడిగింది. "మంట పుడ్తలేదా?"

"లేదమ్మా."

"ఎప్పటిసంది?"

"నిరుటి వానకాలం సంది."

"మచ్చ ఉన్నదా?"

అతను మణికట్టు దగ్గరి గుండీ విప్పాడు. ఆమె మచ్చను చూసింది. తర్వాత తడిచేత్తో అతని మోచేయి పట్టుకుని, వెనకవైపు దేనికోసమో వెతికి ఒత్తింది. నొప్పి ఒక్కసారిగా భుజం దాకా పాకింది. అతను పెదవి కొరుక్కున్నాడు. సంవత్సరం తర్వాత ఆ చేయి అతనిదేనని తెలిసింది.

"ఇంట్ల చెప్పినవా?"

"లేదు."

"పిల్లలు?"

"ఒక బిడ్డ."

"ఆళ్ళను గూడ ఒకపారి తీస్కరా, సూస్తరు. భయపడకు. గిప్పుడు గోళీలున్నయి. ఏండ్లకేండ్లు మింగాలె, గని మానుతది. వేళ్ళు వంకర తిరగక ముందే రావాలె."

అతను గుండీ మళ్ళీ పెట్టుకున్నాడు. "మరి నేను ఇంతమందికి వడ్డించిన..."

"గది తిండితోని అంటుకునేది కాదన్నా. గట్లయితె దినాం రోగుల పుండ్లు కడిగేదాన్ని నేనేమైపోవాలె?" ఆమె అతని వేలికి తువ్వాలు కొస చించి చుట్టింది. "గని నీ చేతికి వేడి తెల్వదు. గీ పనిల ఉంటె వేళ్ళు మిగలయి. ఇయ్యాల్నే రా. సాయంత్రం బస్టాండుల ఉంట."

ఆమె వెళ్ళి మళ్ళీ పిల్లల నడుమ కూర్చుంది. కాసేపటికి ముసలమ్మ రొట్టెలడిగింది. దస్తగిర్ రొట్టెల తట్టను మన్సూర్ చేతికిచ్చాడు. "జెర మూడో గదికి ఇచ్చిరా. నాకు వేలు కాలింది."

మన్సూర్ వింతగా చూసి, పరదా దాకా వెళ్ళాడు. లోపలి నుంచి దేవవ్వ గొంతు వినిపించింది. "మొదటాయననే తెమ్మను తమ్మీ. ఆయన మాకు అలవాటైండు."

దస్తగిర్ తట్ట తీసుకుని లోపలికి వెళ్ళాడు. దగ్గడం మరచిపోయాడు. అతను పెట్టకముందే ఆమె చేయి చాపి, కట్టు కట్టిన చేతిలోంచి రొట్టె అందుకుంది. తుంచి, కుర్మలో అద్ది, చిన్నపిల్ల నోట్లో పెట్టింది. ఇంకొక తుంపు తన నోట్లో పెట్టుకుంది. అప్పుడు అతను తలెత్తి చూశాడు. చామనఛాయ ముఖం. ఎండకు అలసిన కళ్ళు. గడ్డం కింద ఒక అన్నం మెతుకు అంటుకుని ఉంది. ఆమె అతని వైపు చూడలేదు. నములుతూ, పెద్దపిల్లను గలీజుగా తినొద్దని కసురుతోంది.

"నువ్వు తిన్నవా కొడుకా?" అంది ముసలమ్మ అతన్ని.

"తిన్న అవ్వా" అన్నాడు అలవాటుగా.

బయటికొచ్చి పరదా పక్కన నిలబడ్డాడు. ఏడుపు వస్తుందేమోనని చూశాడు. రాలేదు. లోపల ఎవరో ఇంకొన్ని నీళ్ళు అడిగితే తెచ్చిపెట్టాడు.

హోటల్ పలచబడ్డాక గల్లా దగ్గరికి పోయి, "ఊరికి పోతున్న సేఠ్" అన్నాడు.

సేఠ్ రేడియో మీట తిప్పుతున్నాడు. "వాపస్ ఎప్పుడు?"

"చెప్పలేను."

సేఠ్ తిరిగి చూశాడు. "ఖైరియత్? అంత మంచిగనేనా?"

"ఆఁ. ఇంటి పని."

"సరే. మన్సూర్‌కు చెప్పు, గదులు సూసుకుంటడు." రేడియోలో పాట కుదిరింది. దస్తగిర్ ఇంకాసేపు నిలబడ్డాడు. మన్సూర్‌కు చెప్పి, వెనకదారిన బయటపడ్డాడు.

ఇల్లు రైలు పట్టాల అవతల. మహబూబీ గడప దగ్గర కూర్చుని ఎవరిదో బొంత కుడుతోంది. ఆ వేళప్పుడు అతను ఎప్పుడూ రాడు. ఆమె సూది బొంతలోనే గుచ్చి లేచింది.

"చేతికేమైంది?"

"కాలింది."

"నూనె తెస్త ఉండు."

"మంట లేదు మహబూబీ. మంటే లేదు. కూసో."

అతను చొక్కా చేయి మోచేతి దాకా మడిచాడు. మచ్చ చూపించాడు. దేవవ్వ చెప్పిన మాటలు ఉన్నవున్నట్టు, ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పాడు. మహబూబీ అతని చేయి ఒళ్ళోకి లాక్కుంది. బొటనవేలి నుంచి మొదలుపెట్టి ఒక్కో వేలూ గోటితో నొక్కింది.

"గిది తెలుస్తదా?"

"తెలుస్తది."

"గిది?"

"తెలుస్తది."

"గిది?"

అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె ఆ వేలిని వదల్లేదు.

"గందుకేనా?" అంది చివరికి. "ఏడాది సంది గందుకేనా హోటల్ల తిన్న, హోటల్ల తిన్న అన్నవు?"

అతను తలూపాడు.

"నేనంటే రోత పుట్టిందనుకున్న." ఆ మాట అని ఆమె లోపలికి వెళ్ళిపోయింది. పొయ్యి ఊదిన చప్పుడు వినిపించింది. చాలాసేపు ఊదింది.

పెద్ద పళ్ళెం తెచ్చి నడుమ పెట్టింది. జొన్నరొట్టెలు, పుంటికూర పప్పు. పక్కింట్లో ఆడుకుంటున్న మాసూమాను కేకేసింది. పిల్ల వచ్చి, పళ్ళెం ముందు కూర్చున్న తండ్రిని చూసి, ఏమీ అడగకుండా పక్కకు జరిగింది. దస్తగిర్ చేయి మోకాలి మీదే ఉంది.

"పెట్టు" అంది మహబూబీ. "అంటుకోదన్నది కదా ఆమె. అంటుకున్నా పెట్టు."

అతను స్పర్శ ఉన్న మూడు వేళ్ళతో రొట్టె తుంచాడు. పప్పు వేడిగా ఉంది. ఆ వేడి బొటనవేలుకు తెలిసింది, చూపుడువేలుకు తెలిసింది. నోట్లో పెట్టుకున్నాడు. ఉప్పు ఎక్కువైంది. ఎవరూ ఆ మాట అనలేదు. ముగ్గురూ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా తిన్నారు.

"నేను గూడ వస్త" అంది మహబూబీ.

"ఇయ్యాల నన్ను పోనియ్యి. రేపు పిల్లను తీస్కరా. డాక్టరు సూస్తడు."

"ఎవరన్న అడిగితె?"

"కోటగిరికి పోయిండని చెప్పు."

ఆమె అతని లుంగీ, చొక్కా ఒక గుడ్డలో మూట కట్టింది. మూట అందిస్తూ అతని చేయి మళ్ళీ పట్టుకుంది. కాలిన వేలి పక్క వేలు కూడా అప్పటికే ఉబ్బుతోంది. దానికి పెళ్ళినాడు ఆమె అన్న తొడిగిన వెండి ఉంగరం ఉంది. "గిది ఉంటె రక్తం ఆగుతది" అని నూనె తెచ్చి, వేలికి రాసి, ఉంగరాన్ని అటూ ఇటూ తిప్పుతూ లాగింది. కణుపు దగ్గర తోలు కుచ్చులా ముడుచుకుంది. నొప్పి పుడుతుందేమోనని ఆమె అతని ముఖం వైపే చూస్తోంది. ఆ ముఖంలో ఏమీ కదల్లేదు. ఉంగరం ఎప్పుడు ఊడివచ్చిందో అతనికి తెలియలేదు. ఆమె చేయి వదిలేశాకే తెలిసింది.

"పోయొస్త" అన్నాడు.

మాసూమా పట్టాల దాకా వెంట నడిచి, సిగ్నల్ స్తంభం దగ్గర ఆగిపోయింది. అతను పట్టాలు దాటి, మూట ఎడమచేతిలోకి మార్చుకుని, బస్టాండు దారి పట్టాడు. వెనక్కి తిరిగి చూడలేదు.

ఇంట్లో మహబూబీ మళ్ళీ బొంత దగ్గర కూర్చుంది. సూది చేతిలోకి తీసుకుంది గానీ కుట్టలేదు. ఆమె తలకు పైన గోడ గూట్లో వెండి ఉంగరం ఉంది. దాని చుట్టూ నూనె పరుచుకుంటూ, మెల్లగా సున్నంలోకి ఇంకుతోంది.